దుర్యోధనుడి ముక్కు బాగలేదు

ఆవు పొదుగు దగ్గరికొచ్చేసరికి నా వెనక పదిమంది చేరారు. మదనపల్లె బజారులో పశువుల దాణా అమ్మే అంగడి గోడ అది. నేను నిచ్చెన మీద ఉన్నాను. తెల్లరంగు డబ్బా మెట్టుకు కట్టి ఉంది. నాకు పని నేర్పినాయన, ఊళ్లో సగం బోర్డులు రాసిన మనిషి, నేను అన్నా అని పిలిచే ఆయన, టీ తాగడానికి పోయాడు. డెబ్బయ్యో దశకం సగం దాటిన రోజులు. నాకు ఇరవై నిండాయో లేదో. ఒక గోడ మొత్తం నా ఒక్కడి చేతికి రావడం అదే మొదటిసారి.

ఆవు బాగా కుదిరిందని నా నమ్మకం. క్యాలెండరు చూసి గీశాను. కొమ్ములు కుదిరాయి, గంగడోలు కుదిరింది, కళ్లకు కాటుక కూడా దిద్దాను. పొదుగు ముగించి, ఒక మెట్టు దిగి, నా పనిని నేనే మురిపెంగా చూసుకుంటూ ఉన్నాను. భుజాన తుండుగుడ్డ, చేతిలో ఖాళీ సంచి పట్టుకున్న ఒక పెద్దాయన వెనక నుంచి నింపాదిగా అడిగాడు.

"ఏమప్పా, ఈ ఆవుకు మూడు సన్లేనా?"

నేను పొదుగుకున్న చన్నులు లెక్కపెట్టాను. మూడే. మళ్లీ లెక్కపెట్టాను. గోడ మీద బొమ్మ, నేను గీసింది, పైగా మూడే ఉన్నాయి. రెండోసారి లెక్కపెడితే నాలుగవుతాయా?

"ఏ ఊరప్పా నీది?" అన్నాడాయన.

"పెద్దమండ్యం పక్కన పల్లె."

"సేద్యగాళ్ల ఇంట్లోనే పుట్టినావా?"

"ఊ."

"పుట్టి ఇట్ల గీసినావా."

ఎగతాళి చేసి ఉంటే ఎంతో బాగుండేది. ఆయన నిజంగానే బాధపడ్డాడు. ఎగతాళి పని వెనకున్నవాళ్లు చూసుకున్నారు. నాలుగోది దూడ తినేసిందేమో అని ఒకడు, రంగు చాల్లేదేమో పాపం అని ఇంకొకడు. పదేళ్ల వయసు నుంచి పొద్దునే లేచి పాలు పితికిన చేతులు ఇవి. ఈ చేతులే మూడు గీశాయి. నిచ్చెన దిగాను, బ్రష్షు డబ్బాలో పడేశాను, తల వంచుకుని నడిచిపోయాను. సాయంత్రం దాకా బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాను. ఏ బస్సూ ఎక్కలేదు. నాలుగో సన్ను అన్న గీశాడట.

అది మొదలు, వెనక మనిషి నిలబడితే చాలు, నా చెయ్యి వణికేది. గదిలో తలుపు మూసుకుంటే ఎంత సన్నని అక్షరమైనా వెంట్రుకవాసి తప్పకుండా రాసేవాణ్ణి. నంబరు ప్లేట్లు, డాక్టర్ల పేర్లు, పెళ్లిపందిట్లో కట్టే గుడ్డలు, అన్నీ అంగడి వెనక చీకటి గదిలోనే. వీధిలోకి రమ్మంటే సాకులు వెతికేవాణ్ణి. జ్వరమనేవాణ్ణి, నడుం పట్టిందనేవాణ్ణి. ఒకసారి మా అవ్వ పోయిందని చెప్పాను. ఆమె అప్పటికి నాలుగేళ్ల కిందటే పోయింది. ఆ సంగతి అన్నకు తెలుసు. నా ముఖంలోకి ఒకసారి చూశాడు, అంతే. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాతి ఏడు కుప్పంలో ఒక సోడాల అంగడి గోడ పని వచ్చింది. అన్నకు మదనపల్లెలో వేరే పనుంది, నన్నే పొమ్మన్నాడు. కుప్పమంటే ఇంకా భయం. ఆడ తెలుగులో ఒకడు వంక పెడితే, కన్నడంలో ఒకడు, అరవంలో ఒకడు అందుకుంటారు. మూడు భాషల్లో తిట్లు తినే ధైర్యం నాకు లేదు. అప్పుడొక ఉపాయం తట్టింది. గోనెపట్టాలు కలిపి కుట్టించి, గోడకు అడ్డంగా వేలాడదీసి, దాని లోపల నిలబడి రాశాను. ఉక్కపోతకు ప్రాణం పోయినంత పనైంది. అయినా సీసా, నురగ, అక్షరాలు అన్నీ ముచ్చటగా వచ్చాయి. చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. నా తెలివికి నేనే పొంగిపోయాను.

మూడో రోజు పని చూడ్డానికి అన్న వచ్చాడు. గోనెపట్టా ఎత్తి లోపలికి తొంగిచూశాడు.

"గోడకు గోషా పెట్టినావేమిరా?" అన్నాడు.

"ఎండన్నా."

"ఎండ పడమటి దిక్కు ఉండాది. నువ్వు తూరుపు గోడ రాస్తాండావు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. పలమనేరు దాటాక చెప్పాడు. ఆయనకు కళ్లు మసకేస్తున్నాయట. ఎత్తు గోడల మీద ఇంక ఎక్కువ కాలం రాయలేడట. అంగడి నాకే ఇద్దామనుకున్నాడట. "నాకుండేది నువ్వొక్కడివి. నువ్వేమో మనుసుల్ని సూస్తే దాక్కుంటాండావు. ఈ పని వీధిలో చేసేదిరా. దాక్కోని చేసేది కాదు."

నేను గోళ్ల సందున రంగు గీక్కుంటూ కూర్చున్నాను.

"పుంగనూరు పక్కన భారతం జరగతాండాది. మన్నుతో దుర్యోధనుణ్ణి చేసే కుమ్మరాయనకు చెయ్యి విరిగిందంట. మనల్ని అడిగినారు. నువ్వు పో. అందరి ముందర చేసుకోని రా. చెయ్యలేకపోతే ఈడికి రావద్దు. అట్నే మీ ఊరికి పోయి శెనక్కాయలు పీక్కో."

మెల్లగానే చెప్పాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. వాన పడితే పంట, లేకపోతే లేదు అనే మా మెట్టచేలలోకి మళ్లీ పోవాలా? బ్రష్షు పట్టిన చేత్తో గుంటక పట్టాలా?

మా పక్క ఎండాకాలంలో ధర్మరాజుల గుడి ముందర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది, మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ. దానికి ముందు రోజు మైదానంలో ఎర్రమట్టితో దుర్యోధనుణ్ణి చేస్తారు. వెల్లకిలా పడుకున్న బొమ్మ, నలభై అడుగుల పొడవు, మనిషి ఛాతీ ఎత్తు. కిరీటం, మీసాలు, కడియాలు అన్నీ ఉంటాయి. ఎడమ తొడలో కుంకుమ నీళ్ల కుండ దాచిపెడతారు. భీముడి వేషగాడు గద ఎత్తి అక్కడ కొడితే కుండ పగిలి ఎర్రగా చిమ్ముతుంది. పుంగనూరు పక్కన ఆ ఊళ్లోనే చిన్నప్పుడు నేనూ చూసినవాణ్ణే. కానీ ఎప్పుడు చూసినా వధే చూశాను, చెయ్యడం చూడలేదు. అదే నా కొంప ముంచింది.

తెల్లవారుజామునే పోయాను. బండ్లతో మట్టి తోలి, నలభై అడుగుల పొడవున దిబ్బగా పోసి పెట్టారు. మట్టి తొక్కడానికి ఇద్దరు కూలీలు ఉన్నారు. కుమ్మరాయన మైదానం పక్కన చింతచెట్టు కింద మంచం మీద ఉన్నాడు. డెబ్బై ఏళ్లుంటాయి, కుడిచేతికి పుత్తూరు కట్టు. నేను ఏం చేశానంటే, గుడి పందిరికి తెచ్చిన తాటాకు తడికలు అడిగి, బొమ్మ చేసే చోటు చుట్టూ, మిద్దెల మీదికి కూడా కనిపించనంత ఎత్తుగా, నాలుగు దిక్కులా నిలబెట్టించాను. నన్ను అడ్డుకుంటారేమో అనుకున్నాను. ఊరిపెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మదనపల్లె ఆయన కదా, అక్కడి పద్ధతి ఇదేనేమో అనుకుని ఊరుకున్నారు.

"అవి యాల నాయనా?" అని కుమ్మరి తాత మంచం మీద నుంచి అడిగాడు.

"దుమ్ము పడకుండా తాతా."

ఆయన ఒక పక్కకు ఒరిగి తడికల వైపు చూశాడు. "మన్నుతో చేసేదాని మీద దుమ్ము పడితే ఏమవుతాది?" అన్నాడు.

మధ్యాహ్నం దాకా కష్టపడ్డాను. లోపల నేను, ఆ ఇద్దరు కూలీలు, మట్టి. బయట మాటలు వినిపిస్తున్నాయి కానీ చూసే కన్ను లేదు. చెయ్యి నిలకడగా ఉంది. కాళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి వచ్చాను. వేళ్లకు గోళ్లు కూడా చెక్కాను. ముఖం చేసేటప్పుడు నాకు ఒళ్లు తెలియలేదు. బోర్లించిన మూకుళ్లు పెట్టి కళ్లు చేశాను. కనుబొమలు, పెదవులు, సన్నని కోటేరు ముక్కు. ఎంత బాగా వచ్చిందంటే, దీన్ని రేపు పగలగొడతారే అని మనసు ఉసూరుమంది. అన్న చూస్తే మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను.

హరికథకు జనం చేరే వేళయింది. బయట ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"నా చేని మన్ను యాడ పోసేది?"

ఎవరో ఏదో సర్దిచెప్పారు.

"మదనపల్లె ఆయనైతే ఏమి, మైసూరు మారాజైతే ఏమి. రెండు కోసుల దూరం నించి గంప నెత్తిన పెట్టుకోని వస్తి. దాచిపెట్టి చేసేదానికి వాడేమన్నా కొత్త పెండ్లికూతురా?"

ఆ వెంటనే నా ఎదుట తడిక పడిపోయింది. నెత్తిన మట్టిగంపతో ఒక ముసలామె నిలబడి ఉంది. నన్ను చూడను కూడా చూడలేదు. గంపలోని మన్ను బొమ్మ భుజం మీద కుమ్మరించి, చేత్తో రెండు తట్లు తట్టి, పక్క తడిక కూడా లాగేసింది. ఆమె వెనక ఇంకా ముప్పై నలభై మంది ఆడవాళ్లు, ఒక్కొక్కరి నెత్తిన ఒక్కొక్క గంప. ఇంటికి ఒక గంప మన్ను తెచ్చి పొయ్యడం అక్కడి ఆనవాయితీ. నాకు ఎవరూ చెప్పలేదు. నేను తడికలు కడితే ఎట్లా చెబుతారు? నాలుగు దిక్కులా తడికలు లేచిపోయాయి.

మైదానం చుట్టూ గోడల మీద, మిద్దెల మీద, చింతకొమ్మల మీద, ఎక్కడ చూసినా జనమే. నలభై అడుగుల బొమ్మ పక్కన నేను ఒక్కణ్ణి మోకాళ్ల దాకా మట్టితో నిలబడ్డాను. మిద్దె మీద నుంచి ఒక గొంతు లేచింది.

"ఏమప్పోయ్, దుర్యోధనుడు కుంటోడా?"

మైదానమంతా ఒక్కసారిగా నవ్వింది. ఎడమకాలు కుడికాలికంటే రెండు మూరలు పొట్టి అట. తల చిన్నపిల్లాడి తలంత ఉందట. కుండ పెట్టిన చోటు చూసి భీముడి వేషగాడే ముందుకొచ్చాడు, ముఖానికి ఇంకా రంగు వేసుకోలేదు. "అన్నా, నేను తొడ మీద కొట్టల్ల. నువ్వు మోకాలిలో పెట్టినావే," అన్నాడు.

నేను నమ్మలేదు. కాళ్ల దగ్గరికి పరిగెత్తాను. నాకు రెండూ సమంగానే కనిపించాయి. తల దగ్గరికి పరిగెత్తాను. అంతా సరిగానే ఉంది. ఇంతమంది అబద్ధమాడుతున్నారా, నాకు పిచ్చెక్కిందా? మూడు సన్ల ఆవు మళ్లీ కళ్లముందు నిలబడింది. మదనపల్లె బస్సు రోడ్డు మీద హారను కొట్టడం వినిపించింది. నా చెప్పులు ఎక్కడ విడిచానా అని వెతికాను. నిజం చెబుతున్నాను, పారిపోవడానికే వెతికాను. అవి కుమ్మరి తాత మంచం కింద ఉన్నాయి.

వంగి తీసుకుంటుంటే తాత అన్నాడు. "నాయనా, నువ్వు కింద నిలబడి చేస్తాండావు. నలభై అడుగుల మనిసి నీకు యాడ అగపడతాడు?"

"మరి నీకు ఎట్లా అగపడేది తాతా?"

"నాకా? నాకు ఏ పొద్దూ అగపళ్లా. నలభై ఏండ్లుగా చేస్తాండా. ఒక్క కాలు కూడా నా అంతట నేను సరిగ్గా చెయ్యలేదు. మిద్దెలెక్కినోళ్లు చెప్తారు, నేను చేస్తా. కుంటోడని నన్నూ అంటారు ప్రతి ఏడూ. కాలు సరిపోయేదాకా అంటారు, మళ్ల అనరు." కట్టు లేని చేత్తో నా చెప్పులు మంచం కిందికి నెట్టాడు. "వాళ్ల కండ్లకు తడిక కట్టేస్తివి గదప్పా. ఇంగ ఎవురు చెప్తారు నీకు?"

నేను నిర్ఘాంతపోయాను. ఆ మనిషి చేసిన బొమ్మలు చిన్నప్పటి నుంచి చూశాను. ఎంత పనిమంతుడో అనుకునేవాణ్ణి. పొద్దు మాత్రం ఆగడం లేదు, సాయంత్రానికి రంగులు వెయ్యాలి. వెనక్కి వచ్చాను. బొమ్మ కడుపు మీదికి ఎక్కాను. అంతమంది ముఖాలు ఒక్కసారే చూడటం నా జన్మలో అదే మొదలు. చేతులు వణుకుతూ ఉంటే నడుముకు ఆనించుకున్నాను.

"యాడ తక్కువైంది?" అని అరిచాను. గొంతు కీచుగా వచ్చింది.

అడిగానో లేదో, నాలుగు దిక్కుల నుంచీ మీద పడ్డారు. మడమ కిందికి తియ్యి, ఇంకా, ఇంకా, చాలు. మోకాలు పైకి జరుపు. చెవి యాడికి పోయింది? మీసం గుబురుగా పెట్టు, రాజుగారి మీసం. వద్దొద్దు, మరీ గుబురైతే పెదవి మూసుకుంటాది. వణుకుతున్న చేతులతోనే మన్ను ఎత్తాను, వేశాను, చరిచాను. ఎడమకాలు మొత్తం పగలగొట్టి మళ్లీ చేశాను. అంత ముద్దుగా చెక్కిన గోళ్లు ఏమైపోయాయో నాకే తెలియదు. ఒక గంట గడిచాక ఒక సంగతి గమనించాను. మిద్దె మీదున్నవాళ్లు కాళ్ల గురించి చెబితే నిజమవుతోంది. కింద నా పక్కనే ఉన్నవాళ్లు చెబితే నాలాగే పొరబడుతున్నారు. ఎవరు ఎక్కడి నుంచి చూస్తున్నారో చూసుకుని వినడం మొదలుపెట్టాను. చేతులు ఎప్పుడు వణకడం మానాయో చూసుకోలేదు. కాలు సరిపోయినప్పుడు మిద్దె మీది గొంతు "ఆ, అంతే" అంది. ఆ రెండు ముక్కలకే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మన్ను తెచ్చిన ముసలామె మాత్రం కదల్లేదు. తల దగ్గరే గొంతుక్కూర్చుని, "ముక్కు బాగలేదు" అంది.

లావు చేశాను. బాగలేదంది. పొడుగు చేశాను. బాగలేదంది. మూడోసారి చిదిపి మళ్లీ పెట్టాను. తల అడ్డంగా ఊపింది. నాకు ఒళ్లు మండింది.

"ఎట్లుండల్లో చెప్పవ్వా."

"అది నాకేం తెలుసు? బాగలేదని తెలుసు."

"నాకు చేతనైంది ఇంతే."

"సరే, ఉండనీ," అని లేచి చీర దులుపుకుంది. "ముక్కు మాత్రం బాగలేదు."

పొద్దు గూకేలోపు సున్నం, ఎర్ర జాజు, మసి పూసి ముగించాను. మరుసటి రోజు పొద్దున తాత మంచం పక్కన నిలబడి వధ చూశాను. డప్పులు మోగుతూ ఉంటే భీముడు మూడుసార్లు చుట్టూ తిరిగి, కాలి మీదికి ఎక్కి, తొడ మీద గద దించాడు. సరిగ్గా తొడ మీదే. ఎర్రనీళ్లు అతని నడుం దాకా చిమ్మాయి. ఆ తర్వాత ఏం జరుగుతుందో చిన్నప్పుడు చూసినవాణ్ణే. అయినా నేను చేసిన బొమ్మ మీద జరిగితే ఎలా ఉంటుందో నాకేం తెలుసు. జనమంతా ఒక్కసారే మీద పడ్డారు. ఆ మన్ను శుభమని, పిడికెడైనా ఎత్తుకుపోవడానికి రెండు చేతులా పెళ్లగించారు. కిరీటం పోయింది, మీసం పోయింది, రెండుసార్లు చేసిన కాలు పోయింది. కళ్లకు పెట్టిన మూకుళ్లు మాత్రం మిగిలాయి. ఒక రోజంతా ప్రాణం పెట్టి చేసింది, చుట్ట కాల్చినంత సేపు కూడా నిలవలేదు.

గుంపులోంచి ఆ ముసలామె వచ్చింది. కొంగులో ఏదో మూట. మమ్మల్ని దాటిపోతుంటే చూశాను. మసిగీత, సున్నం మరక, లావుపాటి దిబ్బ ముక్కు. చెక్కుచెదరకుండా ఉంది. ఎవరూ తీసుకోకముందే దాన్ని పెళ్లగించుకున్నట్టుంది.

నాకు దిమ్మతిరిగింది. "బాగలేదంటివి కదవ్వా," అన్నాను. "మళ్ల యాల ఎత్తుకపోతాండావు?"

ఆమె ఆగి, కొంగు విప్పి, ముక్కును ఇంకోసారి అటూ ఇటూ తిప్పి చూసింది. తిప్పి చూస్తే బాగుపడుతుందేమో అన్నట్టు.

"బాగలేదు, నిజమే," అంది. "అయితే మాత్రం? నా చేనికి మన్ను వద్దా?"

కొంగు ముడేసుకుని తన పల్లె దారిలో వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మదనపల్లెలో అంగడి మెట్టు మీద అన్న కూర్చుని ఉన్నాడు. నా కాళ్లకు ఇంకా ఎర్రమన్ను అంటుకుని ఉంది. నేను లోపలికి రాకముందే అడిగాడు.

"ఏమన్నారు?"

"ముక్కు బాగలేదన్నారు."

"మళ్ల?"

"ఇంటికి ఎత్తుకపోయినారు."

అన్న నా ముఖంలోకి చూశాడు. తర్వాత లేచి, గోడకు ఆనించిన నిచ్చెన తెచ్చి నా ముందు పెట్టాడు. మరుసటి రోజు పొద్దున బజారులో, ఒక బట్టలంగడి గోడ మీద చీర అంచు గీస్తూ ఉంటే వెనక జనం చేరారు. ఎవరో, "ఆడ బాగలేదప్పా," అన్నారు. నా చెయ్యి కొద్దిగా వణికింది. నేను బ్రష్షు దించలేదు.

"యాడ?" అని అడిగాను.